కురవిలో లేని భాగ్యమ్మ

మానుకోట దవాఖానలో మందులిచ్చే కిటికీ వెనక రాజలింగం కూర్చుంటే చీటీలతో పని లేదని చుట్టుపక్కల ఊళ్ల జనం అనుకునేవారు. నర్సింహులపేట నుంచి వచ్చిన ముసలామె ఇంకా వరస చివరనే ఉండగా, "అవ్వా, పోయినసారి మోకాళ్లకిచ్చిన నూనె నువ్వే పూసుకున్నవా, కోడలు తలకు రాసుకున్నదా?" అని కేకేసేవాడు. వరసంతా నవ్వేది. ముసలామె కూడా నవ్వుతూ, "నీ నోరు పాడుగాను, దానికి చుక్క ముట్టనిస్తనా!" అనేది. ఉద్యోగం కంపౌండరే అయినా అందరికీ అతను డాక్టర్ సాబే. ఎవరికి ఏ సూది పడదో, ఎవరికి ఏ మాత్ర కడుపులో తిప్పుతుందో అంతా అతని తలలో ఉండేది. దాన్ని కాగితం మీద పెట్టవలసిన అవసరం అతనికి కనిపించలేదు.

పెట్టకపోవడమే మేలని అతను నమ్మింది మాత్రం అరవై తొమ్మిదిలో. ప్రత్యేక తెలంగాణ కావాలని పిల్లలు బళ్లు వదిలి రోడ్లెక్కిన ఏడాది అది. లాఠీ దెబ్బలు తిన్న కుర్రాళ్లు వెనక గుమ్మం నుంచి వచ్చేవారు. రాజలింగం వాళ్ల తలలు కడిగి కుట్లు వేసి, రిజిస్టరులో 'ఎద్దు పొడిచింది', 'తాటిచెట్టు మీంచి పడ్డాడు' అని రాసేవాడు. పేర్లు కూడా నోటికి వచ్చినవే. రెండోనాడు రిజిస్టరు అడగడానికి వచ్చిన పోలీసులు అందులోని పేర్లను పట్టుకుని వీధులన్నీ తిరిగి ఒట్టి చేతులతో పోయారు. ఆ పిల్లల తల్లులు చాలాకాలం అతనికి కూరగాయలు తెచ్చి ఇచ్చారు. మనిషి పేరు ఒకసారి కాగితమెక్కితే ఇక ఆ మనిషి చేతిలో ఉండదన్న సంగతి అతనిలో అలా గట్టిపడింది.

డెబ్బై మూడు వానాకాలం చివర దవాఖానకు కొత్త డాక్టరు వచ్చాడు. తెనాలి వైపు మనిషి. వస్తూనే క్షయ రోగుల కోసం పచ్చ కార్డుల కట్టలు తెప్పించాడు. ఒక్కో రోగికి రెండు కార్డులు, రెండింటి మీదా ఒకటే నంబరు. ఒకటి దవాఖానలో ఉంటుంది, ఒకటి రోగి దగ్గర. పేరు, భర్త పేరు లేదా తండ్రి పేరు, ఊరు, తెమడ పరీక్ష, నెలనెలా తీసుకున్న మాత్రలు, అన్నీ ఒక వరసలో నింపాలి. వరంగల్ జిల్లాలో ఏ దవాఖానకు పోయినా అవే గళ్లు. ఏడాదిన్నర పాటు ఒక్క నెల కూడా తప్పకుండా మింగితేనే జబ్బు పోతుంది కాబట్టి, ఎవరైనా రాకపోతే ఇంటికి పోస్టుకార్డు పోతుంది.

"ఏంది డాక్టర్ సాబ్, దగ్గుకు పట్టా కాగితం ఇస్తున్నరా?" అన్నది ఆయా అండాలు రాజలింగంతో, కార్డుల కట్ట మోసుకొస్తూ.

డాక్టరు నవ్వాడు కానీ కార్డులు మాత్రం బల్ల మీద పెట్టించాడు. "రాజలింగంగారూ, ఇవి మీరే చూడాలండీ."

"నాకు అందరు యాదికుంటరు సార్. గివెందుకు?"

"ఉంటారనుకోండి. మీరు సెలవు పెడితే ఎవరికి గుర్తుంటారు?"

"నేను సెలవు పెట్ట సార్."

"'పెట్ట' ఏమిటండీ బాబూ, పిట్టలాగా!" అని డాక్టరు సరదాగానే అన్నాడు. పక్కనున్న నర్సులు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. రాజలింగం కార్డులను బల్ల చివరికి తోసి కిటికీ వైపు తిరిగాడు. ఆ వారమంతా కార్డుల కట్ట దారం కూడా విప్పలేదు.

విప్పక తప్పని రోజు వచ్చాక కూడా అతను సగం గళ్లు వదిలేసేవాడు. దానికి అతనికి మంచి సాకే దొరికింది. మొగుళ్లపల్లి నుంచి వచ్చి ఇక్కడ తాపీ పని చేసుకునే ఒకతనికి మొదటి పోస్టుకార్డు పోయింది. 'మీరు క్షయ మందుల కొరకు రాలేదు' అని ఉన్న ఆ కార్డును పోస్ట్‌మాన్ చాయ్ హోటల్ దగ్గర పైకి చదివి, "ఎవరయ్యా ఈ మేస్త్రి?" అని అడిగాడట. మర్నాటి నుంచి హోటల్‌వాడు మేస్త్రికి గ్లాసు వేరే పెట్టాడు. పని ఇచ్చేవాళ్లు తప్పుకున్నారు. మేస్త్రి ఊరొదిలి పోయాడు. కవర్లలో పెట్టి పంపుదామని రాజలింగం అంటే డాక్టరు ఒప్పుకున్నాడు, పైకి రాశాడు కూడా. పై నుంచి మరో కట్ట పోస్టుకార్డులు వచ్చాయి.

కృష్ణమూర్తి వచ్చింది ఆ గొడవ జరిగిన కొన్నాళ్లకే. బజారులో కిరాణా హోల్‌సేల్ దుకాణం అతని తండ్రిది. మధ్యాహ్నం కిటికీ మూసే వేళ, వెనక గుమ్మం దగ్గర నిలబడి, "రాజలింగమన్నా, జర లోపటికి రావచ్చునా?" అన్నాడు. అతని వెనక ముఖం సగానికి కొంగు లాక్కున్న భార్య వనమాల. పెళ్లయి ఏడాది. జనగామ పిల్ల. తెమడలో పురుగు ఉందని పరీక్షలో తేలింది. డాక్టరు రాసిచ్చిన చీటీలో జబ్బు, మందు మాత్రమే ఉన్నాయి. పేరు, ఊరు కార్డులోకి ఎక్కించడం రాజలింగం పని.

"ఆ మేస్త్రి సంగతి విన్నవు కదన్నా," అన్నాడు కృష్ణమూర్తి. "గా పోస్టుకార్డు మా దుకాణానికి వచ్చిందనుకో, ఇగ మా పప్పు ఎవడు కొంటడు, మా బెల్లం ఎవడు తింటడు? మా బాపు అయితే ఈమెను తెల్లారేసరికి జనగామ బండెక్కిస్తడు. మళ్ల తోల్కరాడు."

"మందు మానినోళ్లకే కార్డు పోతది సేటూ."

"మానం. వీరభద్రుని మీద ఒట్టు, నెలనెల నేనే వచ్చి తీస్కపోత. ఆమె పేరు మాత్రం రాయకు."

వనమాల అంతవరకు గోడ వైపు చూస్తూ నిలబడింది. అప్పుడు తల తిప్పి, "అన్నా, గివి మింగితే నిజంగ తగ్గుతదా? నాకు ఉన్నదున్నట్టు చెప్పు," అంది.

"తగ్గుతది చెల్లె. ఒక్క నెల తప్పకుంటే పూరా తగ్గుతది."

రాజలింగం కార్డు తీసి పేరు దగ్గర 'భాగ్యమ్మ' అని రాశాడు. ఊరు, కురవి. భర్త పేరు గడిలో ఒక్క క్షణం ఆగి 'సమ్మయ్య' అని రాశాడు. రాస్తుంటే అతనికి అరవై తొమ్మిది నాటి రిజిస్టరు గుర్తొచ్చింది. చేతిలో అదే ధైర్యం, అదే హుషారు. సాయంత్రం డాక్టరు కార్డుల మీద సంతకాలు పెడుతూ అన్ని గళ్లూ నిండిన ఆ కార్డు చూసి, "ఇదండీ, ఇలా ఉండాలి," అన్నాడు. రాజలింగం లోలోపల నవ్వుకున్నాడు.

కృష్ణమూర్తి మాట తప్పలేదు. ప్రతి నెలా వచ్చి భాగ్యమ్మ కార్డు చూపించి పొట్లం తీసుకుపోయేవాడు. "ఎట్లున్నది చెల్లె?" అంటే, "దగ్గు లేదన్నా. పాత జాకెట్లు పట్టక మళ్ల కుట్టిస్తున్నది," అని నవ్వేవాడు. ఎండాకాలంలో ఒకసారి సిగ్గుపడుతూ మిఠాయి తెచ్చాడు. వనమాలకు నెల తప్పింది. రాజలింగం ఆ మిఠాయిని అండాలుకు కూడా పెట్టాడు, ఎవరిదో చెప్పకుండా.

మళ్లీ వానలు పడ్డాయి. ఆ నెల కృష్ణమూర్తి రాలేదు. రాజలింగం గమనించాడు, కానీ దుకాణంలో సరుకు దించుకునే రోజులని ఊరుకున్నాడు. పద్ధతి ప్రకారం పోస్టుకార్డు కురవికి పోయింది, తిరిగి వచ్చింది.

"ఈ భాగ్యమ్మ ఎవరండీ?" డాక్టరు కార్డు పట్టుకుని కిటికీ దగ్గరికి వచ్చాడు. "ఈ పేరుగలవారు ఊళ్లో లేరని రాశాడు పోస్ట్‌మాన్. ఎనిమిది నెలలు చక్కగా మింగిన మనిషి!"

"కూలికి పోయినట్టున్నరు సార్. ఖమ్మం దిక్కు."

"మీకందరూ తెలుసు కదా. కురవివాళ్లను అడిగి చూడండి."

"అడిగిన సార్. తెల్వదన్నరు."

డాక్టరు నిట్టూర్చాడు. బల్ల మీదున్న ఎర్ర పెన్సిల్ తీసి, కార్డు మీద ఈ మూల నుంచి ఆ మూలకు గీత గీశాడు. 'ఊరు విడిచిపోయింది' అని రాసి సంతకం పెట్టాడు. రాజలింగం పక్కనే నిలబడి చూశాడు. నోరు తెరవడానికి అదే సమయమని అతనికి తెలుసు. మెమో వస్తుందన్న భయం ఉంది. కానీ అంతకంటే, ఆ పిట్ట మాట అన్న మనిషి ముందు తప్పు ఒప్పుకోవడం అతనికి కొరుకుడు పడలేదు.

సాయంత్రం దుకాణానికి పోయాడు. కృష్ణమూర్తి అతన్ని బస్తాల వెనక్కి తీసుకుపోయాడు.

"ఏడో నెల కదన్నా, తల్లిగారింటికి పంపినం. మొదటి కాన్పు ఆడనే కావాలె."

"మరి మాత్రలు? జనగామ దవాఖానల గీ కార్డే నడుస్తది. చూపిస్తే చాలు, ఇస్తరు."

"కార్డు మీద భాగ్యమ్మ అని ఉన్నది గద," అన్నాడు కృష్ణమూర్తి, గొంతు ఇంకా తగ్గించి. "వనమాలను ఎరగనోడు జనగామల లేడు. వాళ్ల ఇల్లు దవాఖాన సందులనే. ఆ కార్డు పట్టుకొని పోతే, నువ్వు భాగ్యమ్మవెట్లయినవే అని అడగరా? వాళ్ల అమ్మకు రోగం సంగతే చెప్పలే. మంచిగున్నదన్నా, దగ్గే లేదు. కాన్పు కానీ, మళ్ల చూద్దాం."

రాజలింగం బస్తాల మధ్య నుంచి బయటికి నడిచాడు. ఆ కార్డు చేసింది తనే. ఏ ఊళ్లోనైనా చెల్లేలా డాక్టరు తెచ్చిన దాన్ని ఒక్క మానుకోట కిటికీ దగ్గర తప్ప మరెక్కడా చెల్లకుండా చేశాడు. మర్నాడు లెక్కలోకి రాని మాత్రలు కొన్ని పోగుచేసి పొట్లం కట్టి కృష్ణమూర్తి చేతిలో పెట్టాడు. అతను దాన్ని గల్లాపెట్టె వెనక పెట్టి, "ఆదివారం పోత, ఇస్త," అన్నాడు. ఇచ్చాడో లేదో రాజలింగం అడగలేదు. అడిగితే తర్వాత ఇంకేదో చేయవలసి వస్తుంది. దవాఖానకు పోయే దారి మార్చుకున్నాడు. బజారు మీదుగా పోకుండా పిండి గిర్నీ సందులోంచి పోయేవాడు. భార్య బాలనర్సమ్మ బెల్లం తెమ్మంటే, ఆ దుకాణంలో బాగుండదని దూరపు దుకాణం నుంచి తెచ్చాడు.

చలి ముదిరిన రోజుల్లో కృష్ణమూర్తి ఇంటికే వచ్చాడు. గడప బయటే నిలబడ్డాడు.

"పిలగాడు పుట్టిండన్నా, దసరా ముంగట," అని ఆగాడు. "ఆమెకు జరం ఇడుస్తలేదు. బాలింత జరమని మా అత్త కాయం తినిపిస్తున్నది. నిన్న పోయి చూసిన. దగ్గితే గుడ్డకు నెత్తురు అంటింది."

"నేనిచ్చిన పొట్లం?"

"ఇచ్చిన. తల్లి చూస్తే ఏంది గివి అంటదని బాయిల పారేసిందంట." కృష్ణమూర్తి కళ్లు తుడుచుకున్నాడు. "మళ్ల కొన్ని కట్టియ్యన్నా. ఈసారి ఎట్లన్న మింగిపిస్త."

"పిలగాడు ఎవలి దగ్గర పంటున్నడు?"

"తల్లి దగ్గరనే. ఇంకెవలి దగ్గర పంటడు?"

రాజలింగం చెప్పుల్లో కాళ్లు పెట్టుకుని నేరుగా డాక్టరు ఇంటికి నడిచాడు. డాక్టరు అరుగు మీద పేపరు చదువుకుంటున్నాడు. రాజలింగం నిలబడే అంతా చెప్పాడు. పేరు మార్చింది, ఊరు మార్చింది, కురవివాళ్లను అడగకుండానే అడిగానన్నది. డాక్టరు పేపరు మడిచి పక్కన పెట్టాడు. అతను అరిస్తే బాగుండునని రాజలింగానికి అనిపించింది.

"నేను ఎర్రగీత గీస్తుంటే మీరు పక్కనే ఉన్నారు కదండీ," అన్నాడు డాక్టరు. లోపలికి పోయి పెన్ను, కొత్త కార్డు తెచ్చుకున్నాడు. "అసలు పేరు చెప్పండి."

కార్డు నింపడం అయ్యాక దాన్ని రాజలింగం చేతికే ఇచ్చాడు. "పోస్టులో పంపితే ఎవరు చదువుతారో మీరే చెప్పారు. మీరే వెళ్లండి. బిడ్డను కూడా చూపించమనండి. మెమో సంగతి తిరిగొచ్చాక మాట్లాడుకుందాం."

జనగామలో ప్యాసింజరు దిగి అతను ఇల్లు వెతుక్కోనక్కర్లేకపోయింది. దవాఖాన సందు మొదట్లోనే ఉంది. వనమాల తల్లి కస్తూరమ్మ చెంబుతో నీళ్లిచ్చి, "అల్లుడు పంపిండా అయ్యా? సల్లగున్నడా?" అని అడిగింది.

"పంపిండమ్మా. గీ దిక్కు పనుండి వస్తుంటే, ఒకసారి చూసి రమ్మన్నడు." అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో చూసి రాజలింగానికి తన నోరంటేనే రోత పుట్టింది.

అప్పుడే లోపలి గదిలోంచి వనమాల వచ్చింది. భుజం మీద పసివాడు. మెడ ఎముకలు తేలి ఉన్నాయి. అతన్ని చూడగానే నిలబడిపోయింది. తల్లి వెనక నుంచి, వద్దన్నట్టు తల అడ్డంగా కొద్దిగా కదిపింది. ఆ వెంటనే దగ్గు వచ్చింది. ఆపుకోలేక, పసివాడి తల మీదికే వంగి దగ్గింది. పసివాడు ఉలిక్కిపడి ఏడ్చాడు.

"అమ్మా, నీ బిడ్డకు, వనమాలకు టీబీ ఉన్నది," అన్నాడు రాజలింగం. "పోయిన ఏడాది నుంచి. నేనే మందులిచ్చిన. నేనే దాచిపెట్టిన."

కస్తూరమ్మకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక అతని మీది నుంచి చూపు తిప్పుకుంది. లేచి పోయి కూతురి భుజం మీంచి పసివాడిని లాక్కున్నట్టు తీసుకుంది. వనమాల చేతులు కాసేపు ఆ ఆకారంలోనే ఉండిపోయాయి.

దవాఖానకు నడుస్తుంటే వనమాల అతని వెనకాల నాలుగడుగుల దూరంలో వచ్చింది. కస్తూరమ్మ పసివాడిని కొంగులో కప్పుకుని ఇంకా వెనక. గేటు దగ్గర వనమాల అంది. "చెప్పేదే అయితే అప్పుడే చెప్పకపోతివా అన్నా. పిలగాడు పుట్టకముందు."

లోపల కిటికీ దగ్గరున్న కంపౌండరు మానుకోట కార్డు అటూ ఇటూ తిప్పి చూశాడు. "మానుకోట నంబరే ఉండనీ," అని తమ దగ్గరి కార్డులో ఎక్కించుకుని, మాత్రల పొట్లం కట్టి ఇచ్చాడు. వీధిలో పిల్లే కాబట్టి, "మంచిగ మింగు అక్కా, తగ్గుతది," అన్నాడు. అంతే. ఎవరూ తిరిగి చూడలేదు. తను ఇన్నాళ్లూ భయపడింది ఇంత చిన్న పనికా అని రాజలింగం ఆ కిటికీ చువ్వలు పట్టుకుని నిలబడ్డాడు.

పసివాడికి జబ్బు అంటుకోలేదన్నాడు అక్కడి డాక్టరు. అయినా మాత్ర పొడి చేసి పాలలో కలిపి పట్టమన్నాడు. మూతికి గుడ్డ కట్టుకుని తల్లి పాలివ్వవచ్చని కూడా చెప్పాడు. కస్తూరమ్మ ఆ చివరి మాట విననట్టే ఊరుకుంది. "ఇగ వాడు నా దగ్గరనే ఉంటడు," అంది, ఎవరితోనో కాదు, తనలోనే అనుకున్నట్టు.

మెమో వచ్చింది. ఒక ఇంక్రిమెంటు ఆగింది. రాజలింగానికి అది తక్కువే అనిపించింది. ఆ తర్వాత పోస్టుకార్డులు పంపవద్దని డాక్టరును ఒప్పించి, మందు మానినవాళ్ల ఊళ్లకు ఆదివారాలు సైకిల్ మీద తనే పోయేవాడు. రోగం పేరెత్తకుండా, చుట్టంలా కూర్చుని మాట్లాడి వచ్చేవాడు. కిటికీ దగ్గర మాత్రం ఎంత బతిమాలినా పేరు మార్చేవాడు కాదు. "గిదివరకటి రాజలింగం కాదురా వీడు," అని జనం విసుక్కునేవారు. "డాక్టర్ సాబ్‌కు గళ్ల పిచ్చి పట్టింది," అని అండాలు ఆటపట్టించేది. అతను నవ్వేవాడు కాదు. వరసలో ఎవరైనా పసిపిల్లను ఎత్తుకుని దగ్గితే, చేతిలో పని ఆగిపోయేది.

వనమాల పసివాడిని తల్లి దగ్గరే వదిలి అత్తగారింటికి తిరిగి వచ్చింది. మామకు తెలియనే తెలిసింది. కొన్నాళ్లు వంటింట్లోకి రానివ్వలేదు, తర్వాత రానిచ్చారు. దుకాణం దుకాణంగానే నడిచింది. కృష్ణమూర్తి ఇక రాలేదు. ఆమే ప్రతి నెలా వచ్చి, కొంగు వెనక్కి తోసుకుని, తన పేరున్న కార్డు కిటికీలో పెట్టి పొట్లం తీసుకుపోయేది. రాజలింగంతో మాట్లాడేది కాదు.

డెబ్బై ఆరు ఎండాకాలంలో ఆమె తెమడ మరోసారి పరీక్షించి డాక్టరు కార్డు మీద 'పూర్తయింది' అని రాశాడు. ఆమె ఆ కార్డు పట్టుకుని కిటికీ దగ్గరికి వచ్చింది. రాజలింగం దవాఖాన కార్డు వెతికి ఆ మాటే ఎక్కించాడు.

"ఇగ రానక్కరలేదు చెల్లె," అన్నాడు.

ఆమె తల ఊపింది. పోబోయి ఆగింది.

"పిలగాన్ని తీస్కొద్దామని మొన్న జనగామ పోయిన," అంది. గొంతులో కోపం లేదు. "మా చెల్లెండ్లు నన్ను అక్క అంటరు కదా, వాడు గూడ అక్క అంటున్నడు. మా అమ్మనే అమ్మ అంటున్నడు. ఎత్తుకుంటే ఏడ్సి ఏడ్సి ఆమె దగ్గరికే ఉరికిండు."

"జరన్ని రోజులు పోతే..." అని మొదలుపెట్టి రాజలింగం ఆపేశాడు.

ఆమె అతని మాట కోసం నిలబడింది. అలవాటుగా అతని చెయ్యి మాత్రల డబ్బా వైపు పోయింది. ఆ నెల ఆమెకు ఇవ్వడానికి పొట్లం కూడా లేదు.